ఎడమ చెవి ఆఫీసుది

1వ తేదీ, సోమవారం
ఉదయం 6:10. తీర్మానం. "దూరకక్ష్య" సీరియల్ టీవీలో ముప్ఫై ఒకటో ఏడు నడుస్తోంది. అందులోని పాత్రల్ని తీసుకుని విడిగా చేసిన ఆడియో నాటకాలు నలభై. రోజుకొకటి వినాలి. రోజుకొక సమీక్ష రాయాలి. ఉన్నదున్నట్టు రాయాలి. మొహమాటాలు లేవు.

మా అభిమానుల సంఘంలో పద్నాలుగు మందిమి. వారపత్రిక నడిపేవాణ్ణి అడ్మిరల్ అంటాం. నాలుగు పేజీలూ నాకే వదిలేశాడు.

మా ఆవిడతో చెప్పాను. "పోయిన నెల ఈత అన్నారు" అంది.

9:00. ఆఫీసు. మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. నాది ఫోన్ పని. ఎక్కడైనా లిఫ్టు ఆగి లోపలివాళ్ళు గంట నొక్కితే నా హెడ్‌సెట్‌లో మోగుతుంది. మెకానిక్ చేరేదాకా వాళ్ళకి ధైర్యం చెప్పాలి. పన్నెండేళ్ళుగా ఒకటే మాట: "కంగారు పడకండి, నేనున్నాను."

హెడ్‌సెట్ ఎడమ చెవికి. మేనేజరు పెట్టిన రూలు: ఎడమ చెవి ఆఫీసుది, కుడి చెవి నీ ఇష్టం. కుడి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టాను. రెండోది భుజం మీద వేలాడుతోంది.

నం. 1 పూర్తి. అద్భుతం. చీకట్లో కెప్టెన్ అడుగుతాడు: "ఎవరైనా ఉన్నారా?" జవాబు లేదు. నిశ్శబ్దం. తర్వాత తనే "సరే, అలాగే కానిద్దాం" అంటాడు. ఒంటరితనాన్ని ఇంత ధైర్యంగా ఎవరు చూపించారు? ఐదు నక్షత్రాలు.

2వ తేదీ, మంగళవారం
నం. 2. పెళ్ళి. పెళ్ళికొడుకు ఒక్కడే ప్రమాణాలు చేస్తాడు. పెళ్ళికూతురు మాట్లాడదు. అయినా అతను "నువ్వలా అంటావని అనుకోలేదు" అని ఏడుస్తాడు. ఎంత లోతు! ఐదు నక్షత్రాలు.

అడ్మిరల్ ఫోన్: "మేమూ విన్నాం ఇవి. నువ్వు విన్నట్టు మాత్రం వినలేదయ్యా. నీ చెవి వేరు."
నిజమే మరి.

4వ తేదీ, గురువారం
సాయంత్రం అక్క వచ్చింది. దంతవైద్యుడి దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. యాభై ఏళ్ళకి మొదటిసారి నటించిందట. ఎక్కడో కాదు, నం. 12లో!

"ఏ పాత్ర?"
"చెప్పను. నువ్వే కనుక్కో."
"నీ గొంతు నాకు తెలీదా? పుట్టినప్పట్నుంచీ దాంతోనే తిట్లు తింటున్నా."

తర్వాత మెల్లిగా చెప్పింది. నాటకాలు తీసేవాళ్ళు ఇంకో ఆరింటికి అడిగారట. పంతొమ్మిదో తేదీ శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. "నీకు నచ్చితే ఒప్పుకుంటా. లేకపోతే ఈ వయసులో నాకెందుకు? నువ్వు మొహమాటానికి రాయవు కదా."

బాధ్యత పెరిగింది. ఇక ఇంట్లో కూడా వింటాను. కుడి చెవితోనే. అలవాటైపోయింది. ఎడమ చెవి మూస్తే ఎక్కడో ఎవరో ఇరుక్కున్నట్టు బెంగ.

5వ తేదీ, శుక్రవారం
నం. 5. కెప్టెన్ ఇందులో లేడు. నలభై నిమిషాలు తలుపు చప్పుడు ఒక్కటే. రెండుసార్లు నిద్రపోయాను. ఇది కళ. ఐదు నక్షత్రాలు.

8వ తేదీ, సోమవారం
విననివి: 6, 7, 8.
కారణాలు: శనివారం తలనొప్పి. ఆదివారం ఆదివారం. ఇవాళ వరసగా నాలుగు లిఫ్టులు ఆగాయి. ఒకదాంట్లో ఒకాయన బీరువాతో సహా ఇరుక్కుని, బీరువా క్షేమం గురించి గంటసేపు మాట్లాడాడు.
రేపట్నుంచి రోజుకి రెండు. ఒకటిన్నర రెట్ల వేగంతో.

10వ తేదీ, బుధవారం
6 నుంచి 11 దాకా సమీక్షలు పూర్తి. వినలేదు. అట్ట మీది బొమ్మలు చూసి రాశాను. అన్నిట్లోనూ "నిశ్శబ్దం" అని రాశా. అడ్మిరల్ మురిసిపోయాడు.

మా ఆవిడ: "ఆరంభ శూరత్వం అని ఊరికే అన్నారా."
అన్నవాళ్ళకి ఉద్యోగాలు ఉండేవి కావు.

12వ తేదీ, శుక్రవారం
నం. 12. ఇది మాత్రం విన్నాను. మామూలు వేగంతో, మొదట్నుంచి చివరిదాకా. కెప్టెన్ మాట్లాడతాడు. ఆగుతాడు. "డాక్టర్, మీరు చెప్పింది నిజం" అంటాడు. ఏ డాక్టరూ లేడు. అక్క లేదు.

మళ్ళీ విన్నాను. లేదు.

సాయంత్రం 5కి అడ్మిరల్‌కి పేజీ ఇవ్వాలి. 4:40కి దొరికింది. పదిహేడో నిమిషంలో ఇంజను "హుమ్మ్" అని మూలుగుతుంది. ఆ మూలుగు నాకు తెలుసు. అక్క మోకాళ్ళు పట్టుకుని లేచేటప్పుడు అచ్చం అదే.

రాశాను: "ఇంజను పాత్రలో మా అక్క జీవించింది. ఆ ఒక్క మూలుగులో యాభై ఏళ్ళ అనుభవం పలికింది." ఐదు నక్షత్రాలు.

13వ తేదీ, శనివారం
పత్రిక వచ్చింది. అక్కకి స్వయంగా ఇచ్చి వచ్చాను. ఫోన్ కోసం చూస్తున్నా.

14వ తేదీ, ఆదివారం
రాలేదు. సంతోషం పట్టలేకపోయి ఉంటుంది.

16వ తేదీ, మంగళవారం
అక్క ఫోన్ ఎత్తడం లేదు.

సాయంత్రం 7:15. సోఫాలో నం. 12 పెట్టుకుని కూర్చున్నా. మా ఆవిడ పక్కన కూర్చుని, నా భుజం మీద వేలాడుతున్న రెండో ఇయర్‌ఫోన్ తీసి తన చెవిలో పెట్టుకుంది. నవ్వింది.
"వదిన ఎంత బాగా తిడుతోందో."
"ఏ వదిన?"
"మీ అక్కయ్య. కెప్టెన్‌ని."
"ఎక్కడ?"
"ఇక్కడ" అని తన చెవి చూపించింది.

రికార్డింగులో కెప్టెన్, ఇంజను, తలుపు కుడివైపు. మిగతా లోకం మొత్తం ఎడమవైపు. పెళ్ళికూతురు కూడా.

మా ఆవిడ ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "అందరూ ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేస్తారు. మీకు ఆ రెండో చెవి ఖర్చు కూడా లేదు" అంది. తర్వాత అసలు సంగతి చెప్పింది. అక్క నిన్ననే తనకి ఫోన్ చేసి ఏడ్చిందట. "ఇరవై రెండు నిమిషాలు మాట్లాడాను. సొంత తమ్ముడికే ఇంజనులా వినపడ్డాను. వాళ్ళకి వద్దని చెప్పేస్తా" అందట.

సిగ్గుతో చచ్చిపోయాను.

18వ తేదీ, గురువారం
సెలవు పెట్టాను. అక్క వాళ్ళకి జవాబు చెప్పడానికి రేపే ఆఖరి రోజు. నా కుర్చీలో మా మెకానిక్‌ని, అందరూ స్పానర్ అంటారు, కూర్చోబెట్టారు.

సాయంత్రం 5:20. అక్క వాళ్ళ బిల్డింగు. లిఫ్టు ఎక్కాను. మూడుకీ నాలుగుకీ మధ్య ఆగింది. మా కంపెనీదే.

5:24. గంట నొక్కాను.
"కంగారు పడకండి, నేనున్నాను" అన్నాడు స్పానర్, నా గొంతు పెట్టి.
"నేనేరా."
"నువ్వా? అయ్యో, ఉండు, మెకానిక్‌ని పంపిస్తా." ఆగాడు. "మెకానిక్‌ని నేనే కదా."
"నెమ్మదిగా రా. నలభై నిమిషాలు పట్టనీ."

5:30. లిఫ్టులో నేల మీద కూర్చుని రాస్తున్నా. రెండు చెవులకీ పెట్టుకున్నా. పన్నెండేళ్ళలో మొదటిసారి. నం. 12.

6:10. అక్క డాక్టరు. ఓడలో అందరూ భయపడుతుంటే ఒక్కొక్కరినీ "మందు మింగావా?" అని అడుగుతుంది. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే గుమ్మంలో నిలబడి అడిగిన గొంతు అది. నేనెలా పోగొట్టుకున్నానో తెలీదు. ఏడ్చాను. లిఫ్టులో అద్దం ఉంది, చూడబుద్ధి కాలేదు.

6:25. పైనుంచి తలుపు తెరిచారు. నా కళ్ళ ఎదురుగా స్పానర్ బూట్లు, పక్కనే అక్క చెప్పులు.
"ఎంతసేపట్నుంచి ఉన్నావురా లోపల?"
"ఒక నాటకం నుంచి. రెండు చెవులతో విన్నానక్కా."
చెప్పులు కదల్లేదు.
"ఎలా ఉంది?" అంది చివరికి.
మొహమాటం లేదని రాసుకున్నాను కదా. "మూడో సీన్లో కాస్త తొందరపడ్డావు. మిగతాదంతా... నువ్వు మానేస్తే నేనీ సీరియల్ చూడను."
"తొందరపడ్డాననే నేనూ అనుకున్నా" అంది. వంగి చెయ్యి అందించింది. లాగుతూ "హుమ్మ్" అని మూలిగింది. ముగ్గురం ఎటో చూశాం.

19వ తేదీ, శుక్రవారం
అక్క ఆరు నాటకాలకీ ఒప్పుకుంది. ఫోన్ పెట్టేసేముందు అడిగింది: "మొదటి పదకొండింటికీ ఏం రాశావు?"
చెప్పాను. అట్టల సంగతి కూడా.
"మళ్ళీ వినరా. వాటిల్లోనూ ఎవరో ఒకరి అక్క ఉంటుంది."

20వ తేదీ, శనివారం
ఉదయం 6:10. తీర్మానం. నలభై నాటకాలు, నలభై రోజులు. ఇంట్లోనే, రెండు చెవులతో. మా ఆవిడ "ఈత?" అంది. విననట్టే ఉన్నాను.

నం. 1. రెండో నిమిషం. చీకటి. కెప్టెన్ అడిగాడు: "ఎవరైనా ఉన్నారా?"
ఎడమ చెవిలో పదకొండు మంది ఒక్కసారే అన్నారు: "ఉన్నాం."