పనసచెట్టు కొట్టించకండి

విజయవాడ,
బుధవారం.

మావయ్యకి,

రేపు పొద్దున రంపం మిషన్‌తో మనుషులొస్తారన్నారు. దయచేసి పెరట్లో పనసచెట్టు కొట్టించకండి. నేను చేయించుకోబోయే ఎడమచేతి గిటారుకి పచ్చి చెక్క పనికిరాదట. నూజివీడులో వీణలు చేసే బసవపున్నయ్యగారిని అడిగాను. "కాసే చెట్టుని కొట్టడమెందుకమ్మా? కూల్చిన ఇళ్ళ పాత పనస తలుపులున్నాయి. వాటితోనే, స్పీకరుకి కలుపుకునేలా చేసిస్తా" అన్నారు.

చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం తింటున్నానని మీరు కొట్టిన దెబ్బ ఎప్పుడో మర్చిపోయాను. దానికోసం చెట్టు ఇవ్వక్కర్లేదు.

ఫోన్‌లో మీరు "కొట్టించెయ్యనా అమ్మాయ్?" అని సంబరంగా అడుగుతుంటే కాదనలేక సరేనన్నాను. అందుకే మీ చల్లపల్లి బస్సెక్కుతున్న నా స్నేహితురాలు అక్షయతో ఈ ఉత్తరం పంపుతున్నాను. చదివాక మళ్ళీ ఫోన్ చేస్తే, మళ్ళీ సరేనంటాను. నమ్మకండి.

మీ మేనకోడలు