వియ్యపురాళ్ళ గోడ

వదినగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను, నా కుట్టుమిషన్లు రెండూ క్షేమం. మీరూ, అన్నయ్యగారూ, మీ బేకరీ ఓవెనూ క్షేమమని తలుస్తాను.

గీసేశాను వదినా! ఇన్నేళ్ళూ గుడ్డ మీద సుద్దతో గీసిన చెయ్యి కంప్యూటర్లో ఇల్లు గీసింది! మన ఒప్పందం ప్రకారం కింది అంతస్తు గీయడం మీ వంతు, పిల్లలుండబోయే పై అంతస్తు నా వంతు. మీరు గీసి పంపినదాని మీదే నాది పెట్టాను. పెన్‌డ్రైవ్ ఈ కవర్లోనే పెట్టి, ఎక్కడా జారిపోకుండా చుట్టూ కుట్టేశాను. ఫోన్లో చెబుదామంటే మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకే ఉత్తరమే మేలనుకున్నాను.

ఒక్కటే చిక్కు. ఈ సాఫ్ట్‌వేర్లో గోడంటే వట్టి గోడ కాదు, పొరలు పొరలు. మీ గోడకి లోపల ప్లాస్టరింగు, మధ్యలో ఇటుక, బయట రాయి. నాదానికి రాయి లేదు, మిగతా రెండే. ఇదేం బ్రహ్మవిద్య కాదులెండి, కోటుకి పై గుడ్డ, కాన్వాసు, లైనింగు ఉన్నట్టే కదా! నేను బయటి అంచుకి అంచు కలిపి పెట్టాను. తీరా లోపలికెళ్ళి చూస్తే నా పడమటి గోడ ఇటుక మీ ఇటుక మీద కూర్చోలేదు. నాలుగంగుళాలు బయటికి జరిగి, కోటు కింద లైనింగు వేలాడినట్టుంది.

మీరు కంగారు పడకండి. నా గోడని నేనే లోపలికి జరుపుకుంటాను. మేస్త్రి ఇంకో పని ఒప్పుకునేలోగా ప్లాను ఆయన చేతిలో పడాలి. తలుపు తెరిస్తే మంచానికి తగిలే ఆ అద్దె గదిలో పిల్లలు ఇంకో ఏడాది ఉండడం నాకిష్టం లేదు.

ఇట్లు,
మీ కోడలి తల్లి

తా.క. కవరు కత్తెరతో విప్పండి, చింపకండి. మంచి దారం.

---

వదినగారికి నమస్కారాలు.

మేమంతా క్షేమం. మీ కవరు విప్పడానికి మా ఆయనా నేనూ చెరోవైపు పట్టుకున్నాం. చివరికి బ్రెడ్డు కోసే కత్తి తేవాల్సి వచ్చింది.

ఎంత బాగా గీశారు వదినా! పిల్లల గది చూసి నాకు ఒళ్ళు పులకరించింది. కానీ మీరు గోడ జరుపుకోవడమేమిటి? పిల్లనిచ్చినవారి చేత గోడ కూడా జరిపించుకున్నానంటే నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యరూ? మీ ఉత్తరం చదివిన చేత్తోనే నా గోడని నాలుగంగుళాలు బయటికి జరిపాను. మీ ఇటుక కింద నా ఇటుక అతికినట్టు సరిపోయింది! ఇక మీరు వేలు కూడా కదపక్కర్లేదు.

ఇట్లు,
మీ అల్లుడి తల్లి

తా.క. కవరు మూసేముందు అనుమానం వచ్చింది. మీరు మాటంటే మాటే కదా, ఈపాటికి జరిపేసే ఉంటారు! అందుకని నా గోడని మళ్ళీ లోపలికి లాగేశాను. ఇప్పుడు నిశ్చింత.

---

వదినగారికి నమస్కారాలు.

కొంప మునిగింది వదినా! మీరనుకున్నట్టే నేను నా గోడని లోపలికి జరిపేశాను. ఇంతలో మీ ఉత్తరం వచ్చింది. మీరు నాకోసం బయటికొచ్చారని చదివి నా కళ్ళు చెమర్చాయి. అంత పెద్దమనసు ముందు నేను లోపలుండిపోతే ఏం బాగుంటుందని, ఆ సంతోషంలో నా గోడని మళ్ళీ బయటికి తెచ్చాను. ఆ తర్వాత కాగితం వెనక్కి తిప్పితే మీ తా.క.! మీరు లోపల, నేను బయట. మళ్ళీ మొదటికే వచ్చాం.

ఇక జరగడాలు వద్దు. మీరు కదలకండి, నేనూ కదలను. గుడ్డ చాలకపోతే ఏం చేస్తాం? అతుకు వేస్తాం! అలాగే నా గోడకి మందం పెంచేస్తున్నాను. లోపలా బయటా ఎక్కడున్నా మీ గోడ దాని కిందే ఉంటుంది. మందం అని రాసి ఉన్న గడిలో తొమ్మిది కొట్టాను. నా పాత కంప్యూటర్లో ఆ గోడ మరీ బొద్దుగా కనిపించింది. బొమ్మని చిన్నది చేసి చూస్తే సన్నగానే ఉంది. పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. ఈసారి రెండు కుట్లే వేశాను.

ఇట్లు,
మీ కోడలి తల్లి

తా.క. ఇకమీదట తా.క.లు ముందు పేజీలోనే రాయండి.

---

కోడలి తల్లిగారికి,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు ఈ గోడ సంగతి తేల్చండి.

తొమ్మిదడుగులా! పిల్లలుండే ఇల్లా, శత్రువులొచ్చే కోటా? మీ గోడ నా ఓవెన్ గది కప్పునంతా ఆక్రమించి కూర్చుంది. ఆ గోడకున్న పిల్లల గది కిటికీ మీద నేనెన్ని ఆశలు పెట్టుకున్నానో మీకేం తెలుసు? పొద్దున్నే ఓవెన్ గది ముందు నిలబడి, "అమ్మాయీ!" అని పిలిచి, తాడు కట్టిన బుట్టలో వేడివేడి బ్రెడ్డు పైకి అందిద్దామనుకున్నాను. ఇప్పుడది కిటికీ కాదు, సొరంగం. నా పిలుపు అవతలికి చేరేసరికి బ్రెడ్డు చల్లారిపోతుంది.

అత్తాకోడళ్ళ మధ్య గోడ కట్టే తల్లులుంటారని విన్నాను గానీ, అడుగులు కొలిచి మరీ కట్టేవారిని ఇప్పుడే చూస్తున్నాను. నేను కోడల్ని కొరుక్కుతింటానా? నాకు కూతుళ్ళు లేరు. మీ అమ్మాయి పైన తిరుగుతుంటే ఆ అడుగుల చప్పుడు వింటూ పిండి కలుపుకోవాలని నా కోరిక. అదీ మీకు ఇష్టం లేదన్నమాట.

మేస్త్రి ప్లాను చూసి, "ఇందులో ఏనుగుని దాస్తారా అమ్మా?" అన్నాడు. ఈ వారంలో తేల్చకపోతే వేరే పనికి వెళ్ళిపోతాడట.

ఇట్లు,
కింది అంతస్తు

తా.క. కవర్లో బిస్కెట్లు పెట్టాను. అవి కోపం రాకముందు కాల్చినవి.

---

వదినగారికి వెయ్యి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి, కుడుతున్న జాకెట్టు సగంలో వదిలేసి ఇది రాస్తున్నాను. తొమ్మిదంటే నాకు తొమ్మిదంగుళాలే వదినా! టేపు మెడలో వేసుకున్న రోజు నుంచి నాకు లోకమంతా అంగుళాల్లోనే ఉంది. మనిషిని చూసినా ఛాతీ ఇన్ని అంగుళాలు, నడుము ఇన్ని అంగుళాలు అనే చూస్తాను. ఆ గడి అడుగుల్లో లెక్కపెడుతుందని కలగన్నానా? మీకూ అమ్మాయికీ మధ్య గోడ కట్టే బుద్ధి నాకుంటే నా వేళ్ళు మిషన్లో పడిపోనీ!

కానీ దాచడం నాకు చేతకాదు, ఒక మాట చెప్పేస్తాను. ఆ పై అంతస్తు గీస్తున్నన్నాళ్ళూ అమ్మాయి నా పక్క గదిలో ఉన్నట్టే అనిపించింది. ఇక్కడ దాని మంచం, ఇక్కడ దాని అద్దం అని గీసుకుంటూ దానితో మాట్లాడేదాన్ని. ఈ ఇంట్లో ఇప్పుడు మిషను ఆపితే మరో చప్పుడుండదు. ప్లాను పూర్తయిపోతే ఇంకేం గీస్తాను, మీకు మాత్రం ఏమని రాస్తాను? గోడ కలవనందుకు లోలోపల కాస్త సంతోషించాను కూడా. దేవుడు దానికే ఇలా మొట్టికాయ వేశాడు.

ఆ గోడ తీసేయండి. మిగతాది మీరే గీసి మేస్త్రికి ఇచ్చేయండి. నేనింక వేలు పెట్టను. మీరు అమ్మాయిని చల్లగా చూసుకుంటే అదే నాకు చాలు.

ఇట్లు,
మీ కోడలి తల్లి

తా.క. బిస్కెట్లు పొడైపోయి చేరాయి. చెంచాతో తిన్నాను. చాలా బాగున్నాయి.

---

మా వదినకి,

నన్ను రెండు చెంపలూ వాయించండి! అంతలేసి మాటలన్నాను. మీ ఉత్తరం చదువుతూ ఏడ్చాను, మా ఆయనకి చదివి వినిపిస్తూ మళ్ళీ ఏడ్చాను, ఆ ఏడుపులో ఒక పళ్ళెం కేకులు మాడబెట్టాను.

ఇంక అసలు సంగతి వినండి! ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఫోన్ చేశాను. అక్కడి అమ్మాయి ఒకే ప్రశ్న అడిగింది: "మీరిద్దరూ గోడల్ని ఏ పొర దగ్గర కలుపుతున్నారండీ?" ఇద్దరం చెరో పొర పట్టుకుని లాగుతున్నాం వదినా! మీరు పై గుడ్డ అంచు చూసి కలుపుతున్నారు. నేను ఇటుకకి ఇటుక కలుపుతున్నాను. కేకు మీద కేకు పెట్టేటప్పుడు క్రీము చూసి పెడతామా మరి! ఆ నాలుగంగుళాలు నా రాతి పొర మందం, అంతే. మనిద్దరిలో ఏ ఒక్కరు మర్యాద మానేసినా మొదటి రోజే కలిసిపోయేది.

ఇటుక పొరకి కలపమని ఆ అమ్మాయి చెప్పిన చోట నొక్కాను. టక్కున కూర్చుంది! నేను లేచి చప్పట్లు కొడితే ఇంకో పళ్ళెం మాడిందేమోనని మా ఆయన పరుగెత్తుకొచ్చారు. మీ తొమ్మిదడుగుల్నీ తొమ్మిదంగుళాలు చేసేశాను. ఎక్కడా వంక లేదు.

అయితే చూస్తుంటే నాకే బాగోలేదు. ఓవెన్ గది కప్పు బోసిపోయింది. మీ ఉత్తరం మళ్ళీ ఒకసారి చదివాను. చదివి, చేసిన పనిని వెనక్కి తిప్పే బాణం నొక్కాను. మీ తొమ్మిదడుగుల గోడ తిరిగొచ్చేసింది!

అప్పుడు ఆ గోడ కడుపులోని ఇటుకంతా తీసేశాను వదినా. అటూ ఇటూ తొమ్మిదేసి అంగుళాలు ఉంచాను, మధ్యలో ఏడున్నర అడుగులు ఖాళీ. దానికో తలుపు, రెండు కిటికీలు. మంచం పడుతుంది, మీ మిషన్లు రెండూ పడతాయి. కింద ఓవెన్ ఉంది కాబట్టి చలికాలం నేల వెచ్చగా ఉంటుంది. మీ కుట్టుపనికి మా బేకరీకొచ్చే జనం చాలరూ? మీ అమ్మాయికి చూపిస్తే నన్ను వాటేసుకుని వదల్లేదు. మావాడు మీ మిషన్లు మోయడానికి బండి మాట్లాడతానన్నాడు. ప్లాను మేస్త్రి చేతికి ఇచ్చేశాను, రేపటి నుంచే పని. మొహమాటపడతారని మిమ్మల్ని అడగలేదు. మన మర్యాదలతో ఒక గోడ పడ్డ పాట్లు చాలు.

ఇట్లు,
మీ వదిన

తా.క. ప్రతి గదికీ పేరు రాయమని సాఫ్ట్‌వేర్ అడిగింది. దాని మీద 'వదిన గది' అని రాశాను. చెరపడం కూడా నేర్చుకున్నాను గానీ, చెరపను.