చదివి వినిపించని అఫిడవిట్

నీలమ్మత్తా,

మీ మేడ మీద రెండేళ్లు కిరాయికి ఉండి, ఇప్పుడు మాదాపూర్ హాస్టల్‌కు మారిన నేనే రాస్తున్నాను.

"నా నోటివల్లనే కేసు కరాబైంది" అని మీరు ఏడుస్తున్నారట. మీ అమ్మాయి ప్రశాంతి ఫోన్‌లో చెప్పింది. తప్పు మీది కాదు.

నార్సింగిలో కంకర మిల్లుల దుమ్ము ఆపుతామని సర్కారు రాసిచ్చి, ఆపలేదనే కదా కోర్టుకు వెళ్లాం. సాయిలు మామ ఆయాసం గురించి మీ పేరుతో అఫిడవిట్‌ను ఇంగ్లిష్‌లో టైపు చేసింది నేను. ఆ రోజు మీరు "ఏం రాసినవ్ బిడ్డా, జర చదువు" అన్నారు. కింద ఆఫీసు క్యాబ్ హారన్ కొడుతోంది. "అంతా మీరు చెప్పిందే అత్తా, సంతకం పెట్టండి" అన్నాను. అడుగున "తెలుగులో చదివి వినిపించాను" అన్న మాట కింద నా సంతకమూ చేశాను.

అందులో మామ ఎన్నడూ బీడీ ముట్టలేదని ఒక వాక్యం నేనే చేర్చాను, కేసుకు బలమొస్తుందని. కోర్టు తరఫున విచారణకు వచ్చినవాళ్లు అడిగితే మీరు ఉన్నదే చెప్పారు: "తాగేటోడు సారూ, మానేసి ఆరేండ్లాయె." దాంతో కోర్టు మన అఫిడవిట్‌ను పక్కన పెట్టింది.

రాసిచ్చిన మాట గురించి సర్కారును నిలదీయబోయి, నేను రాసిన మాటే అబద్ధం చేసుకున్నాను.

చదివి వినిపించలేదని ఒప్పుకుంటూ సోమవారం కోర్టుకు కాగితం ఇస్తున్నాను. "ఇక నీ మాట ఎవరూ నమ్మరమ్మా" అన్నారు మన లాయరు జయంతి గారు. నిజమే.

మామ ఒకప్పుడు బీడీ తాగినా ఆ దుమ్ము ఆపాల్సింది వాళ్లే. ఆ అబద్ధం మనకు అవసరమే లేదత్తా. ఆ ఒక్క ముక్క నేను చదివి వినిపించి ఉంటే మీరే కొట్టేయించేవారు.

ఇట్లు,
ముఖం చూపలేక ఉత్తరం రాసిన పిల్ల