ఏ పద్దులోనూ లేని తలుపు

జూన్ 3, మంగళవారం

రిజిస్టరులో మా పిడుగు పేరు కొట్టేశాను. స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో.

కారణం చెప్పకుండా వరుసగా మూడు రోజులు రాకపోతే పేరు తీసెయ్యాలి. ఆ నియమం రాసింది నేనే. మా బాలికల ఫుట్‌బాల్ క్లబ్బుకు గ్రాంటు ఇస్తున్న విదేశీ ఫౌండేషన్ వాళ్లు దాన్ని మెచ్చుకుని ప్రాజెక్టు పత్రంలో కూడా చేర్చుకున్నారు. క్లబ్బుకు ట్రెజరర్ని. సొంత మనవరాలని చూసీ చూడనట్టు వదిలేస్తే మిగతా ముప్ఫైమంది తల్లుల ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడను?

కోచ్ అమ్మాయి, ఇంకొక్క రోజు చూద్దాం మేడమ్, మన గోల్‌కీపర్ అది, అంది. రిజిస్టరు మూసేశాను.

జూన్ 5, గురువారం

కూతురు ఫోన్ చేసింది. నీ రిజిస్టరు చల్లగుండ, పిల్ల రెండ్రోజులుగా అన్నం కెలికి లేచిపోతోందమ్మా, అంది. ఎందుకు మానేసిందో చెప్పమను, రాసుకుంటాను, అన్నాను. కన్నతల్లిని, నాకే చెప్పడం లేదు, హెడ్మాస్టరులాంటి నీకు చెబుతుందా, అని పెట్టేసింది.

నేను హెడ్మాస్టరుగా ఎప్పుడూ చెయ్యలేదు. ముప్ఫై నాలుగేళ్లూ లెక్కల టీచర్నే.

జూన్ 6, శుక్రవారం

ఇరవై ఎనిమిది మంది వచ్చారు. గోల్ దగ్గర ఎవరూ అరవడం లేదు.

జూన్ 9, సోమవారం

ఇంటి నుంచి మైదానానికి పన్నెండు నిమిషాల నడక. పిడుగు మా ఇంటికొచ్చి నాతో బయల్దేరితే ఇరవై రెండు పట్టేది. దారిలో ఉన్న ప్రతి రాయినీ తన్నాలి, ప్రతి కుక్కనీ పలకరించాలి, మలుపు దగ్గర పిట్టగోడ మీద గులకరాళ్లు పేర్చి నాకు ఆఫ్‌సైడ్ నేర్పాలి. ఈసారైనా బుర్రకెక్కిందా అమ్మమ్మా, అని నా నెత్తి మీద వేలితో కొట్టేది.

మొదటిసారే ఎక్కింది. చెప్పలేదు. చెబితే ఆ పాఠం ఆగిపోతుంది.

ఇవాళ ఆ పిట్టగోడ దగ్గర చెప్పులో రాయి పడినట్టు నటించి కాసేపు ఆగాను. నటన ఎవరి కోసమో తెలియదు.

జూన్ 12, గురువారం

ఫౌండేషన్ నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ఏడాది చివర్లో పరికరాల పద్దులో మిగిలిన సొమ్మును చిల్లరతో సహా తిరిగి పంపిన క్లబ్బు మాదొక్కటేనట. ప్రెసిడెంటు ఫ్రేము కట్టిద్దామంటున్నారు.

కోచ్ చదివి, బాగుంది మేడమ్, ఆ డబ్బుతో తలుపు వచ్చేది, అంది. ఏ తలుపు, అన్నాను.

మైదానం చివర బాత్రూం తలుపు. ఆర్నెల్ల కిందట గాలివానకు ఊడిపోయింది. కోచ్ రెండుసార్లు కాగితం పెట్టింది. తలుపంటే నిర్మాణం. మనకున్నది పరికరాల పద్దు. కాగితం అంచున వీలుపడదు అని రాసి సంతకం పెట్టింది నేనే. అప్పటినుంచీ అక్కడ గోనెపట్టా వేలాడుతోంది.

తర్వాత కోచ్ గొంతు తగ్గించి చెప్పింది. పిడుగు ఆఖరిసారి ఆటకు వచ్చిన రోజు దానికి నెలసరి. లోపల ఉండగా పట్టా గాలికి లేచింది. గోడవతల ఎవరో నవ్వారు. ఇదంతా నిన్న ఫుల్‌బ్యాక్ ఆడే పిల్ల చెబితే గానీ తనకూ తెలియదట. మీ మనవరాలు మీతో చెప్పే మాటా అది, మీరు తేదీ అడుగుతారు, అంది. కోపంగా కూడా అనలేదు.

ఇంటికొచ్చి రిజిస్టరు తీశాను. ఆర్నెల్లు, ముప్ఫై ఒక్క పేర్లు. పెద్దపిల్లలందరికీ నెలకు రెండు రోజులు ఆబ్సెంట్. రెండే. మూడో రోజు ఎలాగో వచ్చేశారు, పేరు పోతుందని. కళ్లముందున్న లెక్క. నాకు కనబడలేదు.

జూన్ 13, శుక్రవారం

ఫౌండేషన్ ఆఫీసరు గారితో వీడియో కాల్. మంచి మనిషి. పద్దు మార్చాలంటే బోర్డు ఒప్పుకోవాలి, బోర్డు సెప్టెంబరులో కూర్చుంటుంది, ఈలోగా ఫొటోలు పంపండి, అన్నారు. మేం వెనక్కి పంపిన డబ్బు ఇంకో దేశానికి వెళ్లిపోయిందట. అక్కడా ఆడపిల్లలకేనట. సంతోషించాల్సిన విషయం. నాకు చేతకాలేదు.

జూన్ 14, శనివారం

కూతురింటికి వెళ్లాను. నన్ను చూడగానే పిడుగు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. బయట నిలబడి, ఎందుకు రాలేదో తెలిసిందిరా, అన్నాను.

లోపలినుంచి, అయితే రాసుకో, అంది.

కూతురు మంచినీళ్లిచ్చింది. తాగి వచ్చేశాను.

జూన్ 17, మంగళవారం

వడ్రంగి కొత్త తలుపుకు మూడు వారాలన్నాడు. నా పడగ్గది తలుపు చూపించాను. టేకుది. మా ఆయన దగ్గరుండి చేయించారు. మతి గానీ పోయిందా అమ్మగారూ, ఇలాంటి తలుపు ఎవరైనా బాత్రూముకు పెడతారా, అన్నాడు. మూడు వారాలంటే నెలలో ముప్పాతిక, అన్నాను. అర్థం కాలేదు గానీ ఉలి తీశాడు.

నాలుగంగుళాలు పొడుగు ఎక్కువైంది. కింద కోయించాను. కోస్తున్నంతసేపూ వంటింట్లో ఉన్నాను. లోపలివైపు రెండు గడియలు పెట్టమన్నాను, పైన ఒకటి, పొట్టిపిల్లలకు కింద ఒకటి.

జూన్ 18, బుధవారం

మూడు రోజుల నియమం కొట్టేశాను. అదే స్కేలు. పిల్లలు అన్ని రోజులు రాలేకపోతే తప్పు క్లబ్బుదని ఫౌండేషన్‌కు మెయిల్ రాశాను. ప్రశంసాపత్రం కూడా పోస్టులో వెనక్కి పంపాను.

జూన్ 20, శుక్రవారం

తలుపు బిగించారు. ఆట మానేసి ఒక్కొక్క పిల్లా లోపలికెళ్లి గడియ వేసి, తీసి, నవ్వుకుంటూ బయటికొచ్చింది. మన టీములో అన్నిటికన్నా ఖరీదైన ప్లేయర్ ఇదే మేడమ్, అంది కోచ్. ఏ పద్దులో చూపించాలంది. రాయకు, అన్నాను. నా నోటి నుంచి ఆ మాట రావడం ఇదే మొదలు.

ఇరవై తొమ్మిది మంది వచ్చారు. నేను గేటు వైపే చూస్తూ ఒక పేరుకు రెండుసార్లు టిక్కు పెట్టాను.

జూన్ 21, శనివారం

రాలేదు.

జూన్ 23, సోమవారం. సాయంత్రం 5:40

మైదానంలో నిలబడి రాస్తున్నాను. పిడుగు వచ్చింది. నన్ను దాటుకుని వెళ్లింది, పలకరించలేదు. పై గడియ, తర్వాత కింది గడియ, రెండూ వినబడ్డాయి.

లోపల పాడుకుంటోంది. ఏ పాటో నాకు తెలియదు.