కోరుట్లకు పోయిన క్యాసెట్

ముందుగా ఒక మాట తేల్చాలి: ఆ క్యాసెట్‌లో నేను ఏడవలేదు. పాడాను.

కోరుట్ల లస్మయ్య కూతురిని, బి.ఏ. ప్యాసైన కమలాదేవిని, ఇరవై ఏడేళ్లదాన్ని, దోహాలో అల్ మన్సూరాలోని అన్న జలంధర్ ఇంట్లో ఉంటూ టైపిస్టుగా పనిచేస్తున్నదాన్ని, ఎవరి బలవంతమూ లేకుండా, తెలివిలో ఉండి ఈ వీలునామా రాస్తున్నాను. తెలివి సంగతి నొక్కి చెప్పడానికి కారణం ఉంది. పోయిన నెల కోరుట్లలో ఉన్న అవ్వకు, అంటే మా అమ్మకు, మాటలు నింపిన క్యాసెట్‌కు బదులు నా సాధన క్యాసెట్ కవరులో పెట్టి పంపాను. తప్పు నాదే. అవ్వ వాడకట్టునంతా కూర్చోబెట్టి విన్నది. "దుబాయ్‌ల నా బిడ్డకు గాలి సోకింది, ఎట్ల మూలుగుతున్నదో ఇనుండ్రి" అని అవ్వ అంటే అందరూ కలిసి ఏడ్చారట. మా ఊళ్లో గల్ఫ్ దేశం ఏదైనా దుబాయే. పాట మాన్పించమని అన్నకు ఉత్తరం వచ్చింది.

నా గొంతులో గడ్డ ఉంది. ఎల్లుండి శనివారం ఆపరేషన్. గొంతు పలికించే నరం పక్కనే ఉంది కాబట్టి గొంతు పోవచ్చనీ, ఆగితే ప్రాణమే పోవచ్చనీ సర్జన్ చెప్పాడు. అన్న షరతు ఇది: "ఇగ పాడనని కాయితం రాసియ్యి, దవఖానల సంతకం పెడ్త. లేకుంటె ఒక్కదానివే పో, మళ్ల ఈ గడప తొక్కకు."

1. పిచ్ పైపు బిల్కిస్‌కు. అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ల ఇది. ఊదితే పాట ఎత్తుకునే శ్రుతి ఇస్తుంది. నా తొమ్మిదో ఏట నిజామాబాద్‌లో మిషన్ స్కూలు అమెరికా టీచరమ్మ, వాద్యాలు లేకుండా నాలుగు గొంతులు కలిపి పాడే బార్బర్‌షాప్ పాట నేర్పి, వెళ్తూ వెళ్తూ నా చేతిలో పెట్టింది. వాళ్ల దేశంలో మంగలి షాపుల్లో వంతు కోసం కూర్చున్నవాళ్లు అలా పాడుకునేవారట. అన్న మాత్రం ఇప్పటికీ కిరస్తానం ప్రార్థన అంటాడు. ఇక్కడ దోహాలో నేను నడిపే పన్నెండు మంది ఆడవాళ్ల కోరస్‌ను నా తర్వాత నడపాల్సింది అందులోనే పాడే బిల్కిసే. రెండేళ్ల కింద నేను చేతులూపి పాట నడిపిస్తుంటే అందరి ముందూ "నీ చేతులు సూస్తే గానా గాదు, ట్రాఫిక్ పోలీసు యాదికొస్తడు" అన్నది. మరచిపోలేదు. అయినా అలాంటి చెవి ఇంకెవరికీ లేదు.

2. ఉన్ని మేజోళ్లు, నల్ల స్వెటర్ నర్సవ్వకు. జగిత్యాల నుంచి ఇంటిపనికి వచ్చిన నర్సవ్వ మా బేస్, అంటే అందరికన్నా కింది గొంతు. తాను పనిచేసే ఏసీ ఇంట్లో పొద్దంతా పాలరాయి మీద ఒట్టి కాళ్లతో నిలబడుతుంది. ఇంగ్లీషు ముక్క తెలియకుండా పదకొండు పాటలు నోటికి నేర్చింది. నా సంగతి విని, "బిడ్డా, నువ్వు గా సీటీ ఊదకుంటె మేమెక్కడ అందుకోవాలె? జెప్పన పోయి జెప్పన రా, యల్లా!" అని అరబ్బీలో కూడా తొందరపెడుతూ కసిరింది. ఆమెను వెనక వరసకు నెట్టకూడదు.

3. నేను సాధన చేసినప్పుడల్లా వంటింటి గోడ మీద గరిటెతో కొట్టిన వదినకు ఏమీ లేదు. అయితే ఒక్కసారి కూడా తాళం తప్పలేదు. అది రాసిపెట్టడం న్యాయం.

4. టేప్ రికార్డరు, అందులోని క్యాసెట్ అన్నకు. నాది బారిటోన్. పాట వరస వేరొకరిది. మిగతా మూడు గొంతుల మధ్య ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దూరడం నా పని. ఒంటరిగా వింటే అది మూలుగులాగే ఉంటుంది, ఒప్పుకుంటాను. మొదటి వైపు కొత్తగా నింపాను, కానీ అన్న గోడ అవతలి నుంచి విన్నదే, అవ్వ విన్నదే. తిప్పి రెండో వైపు పెట్టాలి. అదే పాట, అదే నా గొంతు, ఈసారి మిగతా మూడు గొంతులతో. కోరుట్లలో అదే వాడకట్టును కూర్చోబెట్టి వినిపించాలి. ఇది జరిగేలా చూసే బాధ్యత మా ఆఫీసు హెడ్ క్లర్క్ లియాఖత్ అలీ సాబ్‌ది.

5. అన్న అడిగిన కాగితం రాసివ్వను. నా ఆపరేషన్‌కు నా సంతకం చాలునని సర్జన్ నిన్న చెప్పాడు. అన్నకు తెలియదు. శనివారం ఎనిమిదింటికి లియాఖత్ అలీ సాబ్ ఈ వీలునామా నకలు అన్న చేతికి ఇస్తారు. అప్పటికి నేను ఆపరేషన్ గది లోపల ఉంటాను. రేపు శుక్రవారం పొద్దున కోరస్‌తో పాడతాను. బతికితే అన్న గడపకు కాదు, బిల్కిస్ గదికి వెళ్తాను, పిచ్ పైపు నా దగ్గరే ఉంటుంది. గొంతు మిగిలితే పాడతాను. మిగలకపోతే చేతులతో నడిపిస్తాను.

దోహా, గురువారం, 18 అక్టోబర్ 1979
(సంతకం) ల. కమలాదేవి

చదవగా విని, ఆమె సంతకం కళ్లారా చూసినవారు:
లియాఖత్ అలీ, హెడ్ క్లర్క్
తహెరున్నీసా, ఆయన భార్య, కోరస్‌లో రెండో వరస