నా సమాధి సాక్ష్యం చెప్పకూడదు

నేను, కొప్పర్తి సుధారాణిని. కీర్తిశేషులు కొప్పర్తి దావీదు కూతురిని. వయసు యాభై రెండు. సొంత ఊరు పశ్చిమ గోదావరి జిల్లా ఏజెన్సీలో. ప్రస్తుతం అల్ ఐన్‌లో ఒక అరబ్బు ఇంట్లో వంటమనిషిని. వచ్చే వారం నా కడుపులో గడ్డకు ఆపరేషను చేస్తారు. అందుకని ఈ వీలునామా రాయిస్తున్నాను. నా బుద్ధి స్థిమితంగా ఉంది. ఎవరూ బలవంతపెట్టలేదు, మందు పెట్టలేదు. ఇన్నాళ్ళూ లేని బుద్ధి ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని మా తమ్ముడు ప్రసాద్ అడిగితే, కింద రాసిందంతా చదువుకోమనండి. నాకు పిల్లలు లేరు. ఇది నా మొదటి వీలునామా, ఇదే చివరిది. దీన్ని జరిపించే బాధ్యత నా గదిలో ఉండే కడప మనిషి షాహీదాకు అప్పగిస్తున్నాను.

1. నా గొలుసు, చెవి కమ్మలు మా తమ్ముడి కూతురు బేబీకి చెందాలి. అది వేసుకు తిరగాలి. దాని పెళ్ళికని వాళ్ళమ్మ బీరువాలో పెట్టి తాళం వేస్తే నేను ఒప్పుకోను.

2. కుట్టుమిషను, ప్రెషర్ కుక్కరు షాహీదాకు. కుక్కరుకు విజిల్ రాదు, ఆవిడకు తెలుసు. నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్ గారి తల్లి నాకిచ్చిన ఉన్ని దుప్పటి కూడా ఆవిడకే. చలికాలమంతా దాన్ని నేనొక్కదాన్నే కప్పుకుని పడుకున్నాను. ఆవిడ ఒక్కసారీ అడగలేదు, నేను ఇవ్వనూ లేదు.

3. ఊరికి పడమట వాగు పక్కన రెండెకరాల మెట్ట నా పేరున ఉంది. ఆ చేను మా ఊరి కోయ మనిషి కుంజా పేరమ్మకు, ఆవిడ తర్వాత ఆవిడ పిల్లలకు చెందాలి. ఇస్తున్నాను అనడానికి కూడా సిగ్గుగా ఉంది. అది ఆవిడదే. ఒక్క వర్షాకాలం గుడిసె వేసుకుంటానని మా నాన్న ఆవిడ తండ్రిని అడిగి ఆ గట్టున చేరాడు. ఆ వర్షాకాలం ఇప్పటికీ పూర్తి కాలేదు.

ఏజెన్సీ భూమి గిరిజనుల చేతిలోనే ఉండాలన్న చట్టం కింద పేరమ్మ మా మీద కేసు వేసింది. ఆడవాళ్ళకయితే సర్కారే తన ఖర్చుతో వకీలును పెడుతుందని ప్రసాద్ తెలుసుకొచ్చాడు. చేను నా పేరుకు మార్పించి, నన్ను ప్రతివాదిని చేశాడు. నేను ఇక్కడ గల్ఫ్‌లో జీతం తీసుకుంటూ, పేదరాలినని చెప్పే కాగితాల మీద సంతకం పెట్టాను. పేరమ్మ కూడా వకీలు కావాలని దరఖాస్తు పెట్టుకుంది. ఆ పని చేసే వకీలు అక్కడ ఒక్కడే. ఆయన అప్పటికే మావాడయ్యాడు. ఇంకొకరు వచ్చేదాకా ఆగమన్నారు. ఆవిడ ఇంకా ఆగుతూనే ఉంది.

ఆ వకీలుగారికి నేను ఏమీ రాయడం లేదు. ఆయనకు సర్కారు ఇచ్చింది.

4. కొత్తల పండుగకు పేరమ్మ ఆ చేలోకి వస్తే ఎవరూ అడ్డుపడకూడదు. కోర్టు తీర్పు వచ్చిందా, నేను చచ్చానా అని చూడనక్కర లేదు. ఇది మా తమ్ముడికి ముఖ్యంగా రాస్తున్నాను.

కోయవాళ్ళు కొత్త పంటను చేనికి పెట్టనిదే నోట పెట్టరు. కేసు పడ్డాక కూడా పేరమ్మ కోడిని, కొత్త చిక్కుడుకాయల్ని పట్టుకుని ఏటా గట్టు దగ్గరకు వచ్చేది. పోయినసారి సెలవులో నేను ఊళ్ళోనే ఉన్నాను. ప్రసాద్ గట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు. "లోపలికి రానిస్తే రేపు స్వాధీనం నాదేనంటావంట, వకీలుగారు వద్దన్నారు పిన్నీ" అన్నాడు. ఆవిడ "కేసు కేసే అయ్యా. చేనుకి ఆకలేత్తది గదా" అంది. వీడు జరగలేదు. ఆవిడ రోడ్డు పక్కన మట్టిలో కోడిని కోసి, చేనివైపు తిరిగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. నేను ఆ పక్కనే మా ఇంటి అరుగు మీద టీ తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టలేదు.

5. నా శవాన్ని ఊరికి పంపకూడదు. ఇక్కడి క్రైస్తవుల శ్మశానంలోనే పూడ్చాలి.

ఆపరేషను సంగతి ఫోనులో చెబితే మా తమ్ముడు ముందు ఏడ్చాడు. తర్వాత అన్నాడు: "నాన్న సమాధి చేలో ఉండబట్టే కేసు నిలబడిందక్కా. నీకేదన్నా అయితే నిన్నూ అక్కడే పెట్టుకుంటాం. రెండు సమాధులుంటే ఇంకెవడూ కదపలేడు." వాడు ప్రేమగానే అన్నాడు. నేనూ సరేనన్నాను. ఫోను పెట్టేశాక షాహీదా మొహం చూడలేకపోయాను. ఆవిడ మొత్తం విని, "మట్టిలో పెట్టినాంక ఖలాస్ అనుకుంటి. నీకు ఆడ గూడా పని పెట్న్యాడే మీ తమ్ముడు" అంది.

నాన్న సమాధిని పేరమ్మ ఉంచితే ఉంటుంది. తీసెయ్యమంటే ప్రసాద్ తీయించాలి. ఉండనివ్వమని అడిగే నోరు మాకు లేదు.

6. ఇదంతా బతికుండగా చేయాల్సిన పని. చచ్చాక చేస్తున్నానంటే వాడి ఏడుపుకు భయపడే. ఆపరేషను బల్ల మీద నుంచి లేచి వస్తే నేను మళ్ళీ మనసు మార్చుకుంటాను. నా సంగతి నాకు తెలుసు. అందుకని సంతకాలు కాగానే దీని నకలు రిజిస్టరు పోస్టులో పేరమ్మకు వెళుతుంది. వాళ్ళ అల్లుడు ఆశ్రమ పాఠశాలలో మాస్టరు, చదివి చెబుతాడు. నేను బతికినా, చచ్చినా ఆ చేను మీద నాకు హక్కు లేదని ప్రతివాదిగా ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను. పేరమ్మ దీన్ని కోర్టులో ఇచ్చుకోవచ్చు. నేను బతికివచ్చి ఇది నా సంతకం కాదని బొంకితే, కింద సంతకం చేసిన ఇద్దరినీ నా మీదే సాక్షులుగా పిలవండి.

2006 నవంబరు 9, గురువారం, అల్ ఐన్.

(సంతకం)
కొప్పర్తి సుధారాణి

సాక్షులు:
జిలానీ బాషా, ఈ కాగితం టైపు చేసిన మనిషి, అల్ ఐన్
ఏసుబాబు, నేను పనిచేసే ఇంటి డ్రైవరు

(కుక్కరు తనకు వస్తుంది కాబట్టి షాహీదా సాక్షి సంతకం పెట్టకూడదని జిలానీ బాషా చెప్పాడు. ఆవిడ పక్కనే కూర్చుంది.)