పెట్టెతోపాటు పోయేది

మంగళవారం, పుంగనూరు

పొద్దున్నుంచీ ముసురు. జిరాక్స్ అంగడికి మనుషులు పెద్దగా రాలేదు. పాత కంప్యూటర్ సర్దడంతోనే సరిపోయింది.

నా దగ్గర టైపింగ్ నేర్చుకున్న రెడ్డెమ్మ రామకుప్పంలో సొంతంగా అంగడి పెడుతోంది. ఆ కంప్యూటర్ ఆమెకిస్తానని మాటిచ్చాను. అందులోని విండోస్‌ను మాత్రం నేను కొన్న సెకండ్‌హ్యాండ్ పెట్టెలోకి మార్చుకుందామనుకున్నాను. మదనపల్లె నుంచి వచ్చిన మెకానిక్ రమణప్ప కుదరదన్నాడు.

"కంపెనీవాళ్లు దాంట్లో ఏసిచ్చిన విండోస్ దాంతోనే పోవాలమ్మా. వేరేదానికి మార్చేదానికి రూలు ఒప్పదు."

"ఆవును అమ్మినా దాని మెడలో పలుపుతాడు మనమే ఉంచుకుంటాం గదప్పా?"

"ఈ పలుపు ఊడి రాదు," అని నవ్వాడు.

కంప్యూటర్ కోసం వచ్చి పక్కనే ఉన్న రెడ్డెమ్మ ముఖం చిన్నబోయింది. "అట్లయితే నాకొద్దులే అక్కా. నీ పని యాల ఆగాల?"

"నోరు మూసుకోని మూట కట్టుకో పో," అన్నాను.

నా పెట్టెకు వేరే విండోస్ కొనాలి. అందాకా టైపింగ్ పనులు ఎలాగో...

బస్సులో కంప్యూటర్‌ను సీటు కింద పెట్టాక, రెడ్డెమ్మ దానికి కట్టిన తాడు విప్పి కిటికీలోంచి నా చేతిలో పెట్టింది.

"పలుపు నీకాడే ఉండనీ అక్కా."

రామకుప్పం దారిలోని వి.కోటకు పోయే నాలుగు గంటల బస్సుకు రెడ్డెమ్మ వెళ్లిపోయింది.